ఈకోలైని కొంచెం మర్యాదగా చూద్దాం

కర్నూలులో డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెబుతాను అంటే చుట్టాలెవరికీ పెద్దగా అర్థం కాదు గానీ, ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెంచుతాం అంటే మాత్రం కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంటారు. ఏ బ్యాక్టీరియా అని అడిగి, ఈకోలై అని చెప్పగానే "ఓ, బేదులు పట్టించేదే కదా" అని ముఖం చిట్లిస్తారు. పేపర్లో కూడా దాని పేరు ఎప్పుడూ నేరవార్తల్లోనే వస్తుంది, ఫలానా హాస్టల్ నీళ్ళలో ఈకోలై, ఫలానా ఊరి ట్యాంకులో ఈకోలై. అదే పేపరు లోపలి పేజీలో షుగరు ఆసుపత్రి ప్రకటన ఉంటుంది, ఆ రెండింటికీ ఉన్న చుట్టరికం మాత్రం ఎవరూ రాయరు.

నన్నడిగితే ఈకోలై గొప్పతనం ఏ ప్రత్యేకతలోనూ లేదు. ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది, ఏది పెడితే అది తిని పెరుగుతుంది, తొందరగా పెరుగుతుంది, మామూలుగా గొడవ పెట్టుకోదు. సైంటిస్టులు దాన్ని నెత్తిన పెట్టుకోవడానికి కారణం ఇదే, నీళ్ళ పరీక్షలో దాన్నే వెతకడానికి కారణమూ ఇదే. ఇది క్లాసులో చెప్తే పిల్లలు రాసుకుంటారు గానీ నమ్మరు, ఇన్ని నోబెల్ బహుమతులు ఇంత సాదా పురుగు మీద వచ్చాయంటే వాళ్ళకి ఏదో తక్కువైనట్టు ఉంటుంది.

1885లో థియోడర్ ఎషరిక్ అనే పిల్లల డాక్టరు మ్యూనిక్‌లో పసిపిల్లల మలాన్ని పరీక్షిస్తూ దీన్ని పట్టుకున్నాడు. ఆ రోజుల్లో యూరప్‌లో కూడా బేదులతో పసిపిల్లలు బాగా చనిపోయేవాళ్ళు, ఆయన వెతికింది ఆ కారణాన్ని. దొరికింది మాత్రం జబ్బున్న పిల్లల్లోనూ, లేని పిల్లల్లోనూ ఉండే ఈ కడ్డీలాంటి జీవి. పొడవు రెండు మైక్రోమీటర్లు, అంటే ఒకదాని వెనక ఒకటి నిలబెడితే ఒక మిల్లీమీటరులో ఐదు వందలు పడతాయి. పుట్టిన కొద్దిరోజుల్లోనే మన పేగుల్లో చేరిపోయేవాటిలో ఇదొకటి. అక్కడున్న కాస్త ఆక్సిజన్‌ని వాడేసి, ఆక్సిజన్ అంటే గిట్టని మిగతా బ్యాక్టీరియాకి చోటు సిద్ధం చేస్తుంది, కొంచెం కె విటమిన్ కూడా తయారు చేస్తుంది. పెద్దయ్యాక మన పేగుల్లో ఉండే మొత్తం బ్యాక్టీరియాలో దీని వాటా ఒక శాతం కూడా ఉండదు. అయినా ల్యాబ్‌లో తిండి పోసిన ప్లేటు మీద వేస్తే ముందు పెరిగేది ఇదే కాబట్టి పేరంతా దీనికే వచ్చింది!

ఆ పెరగడం ఎట్లా ఉంటుందంటే, మంచి తిండి, 37 డిగ్రీల వేడి ఉంటే ప్రతి ఇరవై నిమిషాలకీ ఒకటి రెండవుతుంది. రాత్రి పది గంటలకి ఒకే ఒక్కటి వేశామనుకోండి, పొద్దున ఆరింటికల్లా లెక్కప్రకారం కోటీ 67 లక్షలు. నిజానికి మొదట్లో అది కాసేపు కదలకుండా కూర్చుంటుంది, తిండి అయిపోతే ఆగిపోతుంది, కాబట్టి అచ్చంగా లెక్క ప్రకారం రాదు. అయినా వారసత్వం గురించి తేల్చుకోవాలనుకునేవాడికి బఠానీ మొక్కతో ఏళ్ళు పట్టే పని దీనితో రెండు రోజుల్లో అయిపోతుంది. మన ఊళ్ళో మే నెలలో ఇంక్యుబేటర్, అంటే ఆ వేడి నిలిపే పెట్టె, కూడా అక్కర్లేదు, కరెంటు పోతే ల్యాబ్ గదే ఇంక్యుబేటర్ అని మా అటెండర్ అంటుంటాడు, తప్పేమీ లేదు.

ఇప్పుడు ప్రపంచంలో చాలా ల్యాబుల్లో వాడే రకం పేరు కె-12. 1922లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో, డిఫ్తీరియా నుంచి కోలుకుంటున్న ఒక రోగి మలం నుంచి తీశారు. ఏదో మహత్తరమైన ప్రయోగానికని కాదు, అక్కడ పిల్లలకి ప్రాక్టికల్స్‌లో చూపించడానికి అట్టిపెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళకి పైగా అట్లా ల్యాబుల్లో పెరిగి పెరిగి, మనిషి పేగుల్లో బతికే అలవాటే పోగొట్టుకుంది. పొరపాటున మింగినా పేగుల్లో కాపురం పెట్టలేదు. అంటే పూర్తిగా పెంపుడు జీవి అయిపోయింది.

అక్కడే అసలు అదృష్టం తగిలింది. 1946లో జోషువా లెడర్‌బర్గ్ అనే 21 ఏళ్ళ కుర్రాడు, ఎడ్వర్డ్ టేటమ్ ల్యాబ్‌లో, బ్యాక్టీరియా కూడా ఒకదానికొకటి జన్యువులు ఇచ్చుకుంటాయా అని చూద్దామనుకున్నాడు. టేటమ్ దగ్గర ఉన్నది కె-12, అదే వాడాడు. ఫలితం వచ్చింది. తర్వాత తెలిసిందేమిటంటే అప్పటికి దొరికే ఈకోలై రకాల్లో చాలా వాటితో ఆ ప్రయోగం చేస్తే ఏమీ వచ్చేది కాదు, ఆ ఇచ్చిపుచ్చుకునే గుణం కె-12లో ఉండటం అతని అదృష్టం. 33 ఏళ్ళకే, 1958లో, నోబెల్ వచ్చింది. నాకు ఈ కథ ఎందుకంత ఇష్టమంటే, ఫ్రిజ్‌లో ఏది ఉంటే దాంతో మొదలుపెట్టడం కూడా ఒక పద్ధతే అని పిల్లలకి చెప్పొచ్చు. ఫలానా రకం బ్యాక్టీరియా లేదు, ఫలానా కిట్ లేదు అని ప్రాజెక్టు వాయిదా వేసేవాళ్ళకి ముఖ్యంగా.

ఒకసారి ఒకరు మొదలుపెట్టాక మిగతావాళ్ళు కూడా దాని మీదే పడ్డారు, ఎందుకంటే పక్కవాడు చేసిన పని తనకి పనికొస్తుంది. మెసెల్సన్, స్టాల్ అనే ఇద్దరు 1958లో డీఎన్ఏ రెండుగా విడిపోయేటప్పుడు పాత పోగు ఒకటి, కొత్త పోగు ఒకటి కలిసి ఉంటాయని దీనిలోనే చూపించారు. జాకబ్, మోనో పాలచక్కెర మీద దీన్ని పెంచి, జన్యువులకి స్విచ్ ఉంటుందని చెప్పారు. స్విచ్‌తో కలిసి ఉన్న ఆ జన్యువుల వరసని ల్యాక్ ఓపెరాన్ అంటాం, ఆ బొమ్మ పరీక్షలో వేయని బయాలజీ విద్యార్థి రాయలసీమలో లేడు, అర్థమై వేసేవాళ్ళ సంగతి వేరే. 1961లో మార్షల్ నిరెన్‌బర్గ్, హైన్రిక్ మథాయి ఈకోలైని నూరి, ఆ రసంలో ఒకే అక్షరం వరసగా ఉన్న ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువు కబురు మోసే పోగు, వేస్తే, ఫినైలలనిన్ అనే ఒకే అమైనో ఆమ్లంతో (ప్రోటీన్లకి ఇటుకల్లాంటివి ఇవి) గొలుసు తయారైంది. జన్యు భాషలో చదవగలిగిన మొదటి మాట అదే. మిగతా మాటలు తేల్చినవాళ్ళలో మన హర్‌గోబింద్ ఖొరానా ఉన్నారు, 1968 నోబెల్‌లో భాగం. ఆయన పుట్టిన సంవత్సరం కాగితాల ప్రకారం 1922, కె-12 బయటికొచ్చిన ఏడే. 1976లో ఆయన బృందం రసాయనాలతో ల్యాబ్‌లోనే పూర్తిగా ఒక జన్యువుని కట్టి, ఈకోలైలో పెట్టి పని చేయించింది. ఖొరానా అంటే నోబెల్ ఒక్కటే చెప్పి వదిలేస్తారు మా పుస్తకాల్లో, నా దృష్టిలో ఈ పని దానికేం తీసిపోదు.

ఇక ఇన్సులిన్. మా అత్తకి చాలా ఏళ్ళుగా షుగరు, ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ తలుపులో కొత్తిమీర పక్కన ఉంటుంది. ఒకరోజు సూది వేస్తూ ఉంటే అడిగింది, "మే, ఇది దేంట్లో నుంచి తీస్తారు?" అని. నేను ఊరుకోవచ్చు కదా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె చొక్కా చెయ్యి కిందికి లాగేసుకున్నంత పని చేసి, "అంటే పెంటలో పురుగుని పట్టుకొచ్చి నాకు సూదేస్తాండారా?" అంది.

పురుగుని కాదత్తా, దానితో పని మాత్రమే చేయించుకుంటారు అని మొదలుపెట్టి చాలాసేపు చెప్పాల్సి వచ్చింది. ఈకోలై లోపల దాని అసలు డీఎన్ఏ కాకుండా చిన్న ఉంగరంలాంటి డీఎన్ఏ ముక్కలు ఉంటాయి, వాటిని ప్లాస్మిడ్ అంటాం. 1972 చివర్లో హవాయిలో ప్లాస్మిడ్ల మీద జరిగిన సమావేశానికి వెళ్ళిన స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బాయర్ రాత్రిపూట తిండి దుకాణంలో కూర్చుని ఒక పథకం వేసుకున్నారు. ఒకాయనకి ప్లాస్మిడ్లు తెలుసు, ఇంకొకాయన దగ్గర డీఎన్ఏని ఒక వరస దగ్గర మాత్రమే కోసే ఎంజైమ్ ఉంది, ఆ ఎంజైమ్ కూడా ఈకోలై నుంచి వచ్చిందే. ఉంగరాన్ని కోసి, మనకి కావలసిన జన్యువుని మధ్యలో అతికించి, తిరిగి ఈకోలైకి మింగిస్తే, అది తన పని అనుకుని దాన్ని చదివేస్తుంది. 1973లో చేసి చూపించారు. జనం భయపడ్డారు కూడా, సైంటిస్టులే కొన్నాళ్ళు పని ఆపి, 1975లో కాలిఫోర్నియాలో అసిలోమార్ అనే చోట కూర్చుని కట్టుబాట్లు రాసుకున్నారు. పేగుల్లో బతకలేని కె-12 లాంటి రకాలు అప్పుడు మరీ పనికొచ్చాయి.

1978లో జెనెంటెక్ అనే కొత్త కంపెనీ, దాన్ని పెట్టినవాళ్ళలో బాయర్ ఒకరు, మనిషి ఇన్సులిన్ జన్యువుని రసాయనాలతో కట్టి ఈకోలైలో పెట్టింది. ఇన్సులిన్‌లో రెండు గొలుసులు ఉంటాయి, ఒకటి 21 అమైనో ఆమ్లాలది, ఒకటి 30. ఒక్కో గొలుసుని వేరే వేరే బ్యాక్టీరియాలో తయారు చేయించి, తర్వాత బయట కలిపారు. 1982లో అమెరికాలో అమ్మకానికి అనుమతి వచ్చింది. బ్యాక్టీరియాని పగలగొట్టి, ఇన్సులిన్‌ని మాత్రం వేరుచేసి, మళ్ళీ మళ్ళీ శుద్ధి చేస్తారు, సీసాలోకి పురుగు రాదు. అన్ని ఇన్సులిన్లూ ఈకోలైవే కాదు, కొన్ని కంపెనీలు ఈస్ట్‌లో చేస్తాయి, అత్త వాడేది మాత్రం ఈకోలైదే.

ఇవన్నీ విని ఆమె అడిగిన ప్రశ్న మా క్లాసులో ఎవరూ అడగనిది: "మరి అంతకు ముందు ఏడ నుంచి తెచ్చేటోళ్ళు?"

పందుల, ఆవుల క్లోమం నుంచి. రెండు టన్నులకు పైగా క్లోమాలు తెచ్చినా పావుకిలో ఇన్సులిన్ కూడా రాదు. పంది ఇన్సులిన్‌కీ మనదానికీ ఒక అమైనో ఆమ్లం తేడా, ఆవుదానికి మూడు, అందుకే కొందరికి పడేది కాదు.

"ఆవుదా!" అని అత్త రెండు చెంపలూ వేసుకుంది. "అయితే ఈ పురుగే నయం మే, వెయ్యి." నోబెల్ కమిటీ కూడా ఇంత తొందరగా తేల్చి ఉండదు.

ఇన్సులిన్ తర్వాత ఎదుగుదల హార్మోన్ వచ్చింది, అంతకు ముందు దాన్ని చనిపోయినవాళ్ళ మెదడు కింద ఉండే గ్రంథి నుంచి తీసేవాళ్ళు, దానివల్ల కొందరు పిల్లలకి పెద్దయ్యాక భయంకరమైన మెదడు జబ్బు వచ్చింది. జన్యువులని కోసి సవరించే పద్ధతిగా ఇప్పుడు ఎక్కడ చూసినా వినపడే క్రిస్పర్ కూడా మొదట కనపడింది ఈకోలైలోనే, 1987లో జపాన్‌లో యోషిజుమి ఇషినో బృందం ఏదో జన్యువు చదువుతుంటే పక్కన వింతగా ఒకే వరస మళ్ళీ మళ్ళీ వచ్చింది, ఎందుకో అర్థం కాలేదని నిజాయితీగా రాసి వదిలేశారు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం మాత్రం రిచర్డ్ లెన్‌స్కీ పని. 1988 ఫిబ్రవరి 24న ఆయన ఒకే తల్లి నుంచి వచ్చిన ఈకోలైని పన్నెండు ఫ్లాస్కుల్లో వేశారు. రోజూ ప్రతి ఫ్లాస్కులో నుంచి వందో వంతు తీసి కొత్త తిండిలో వేయడం, అంతే పని. సెలవులు లేవు, పండగలు లేవు. ఐదు వందల తరాలకొకసారి కొన్నిటిని గడ్డకట్టించి దాచిపెడతారు, కాబట్టి ముత్తాతలని మళ్ళీ లేపి మనవళ్ళతో పోటీకి పెట్టొచ్చు. ఆ తిండిలో గ్లూకోజు కొంచెమే ఉంటుంది, సిట్రేట్ బోలెడు ఉంటుంది, కానీ ఆక్సిజన్ ఉన్నచోట ఈకోలై సిట్రేట్ తినలేదు. తినలేకపోవడమే దాన్ని గుర్తుపట్టే పరీక్షల్లో ఒకటి. 2003లో, ముప్పై ఒక్క వేల తరాలు దాటాక, ఒక ఫ్లాస్కు పొద్దునే మామూలుకంటే చిక్కగా కనపడింది. అందులోవి సిట్రేట్ తినడం నేర్చుకున్నాయి. మిగతా పదకొండూ పక్కనే అదే తిండిలో ఉన్నాయి, వాటికి రాలేదు. పరిణామం అంటే కోతి బొమ్మ ఒక్కటే గుర్తుకొచ్చే పిల్లలకి ఈ ఫ్లాస్కు ఫోటో చూపించాలి.

మరి చెడ్డపేరు ఊరికే వచ్చిందా అంటే, రాలేదు. ఈకోలై అంటే ఒక్క మనిషి కాదు, పెద్ద వంశం, అందులో దుర్మార్గులున్నారు. ఓ157 అనే రకం 1982లో అమెరికాలో సరిగ్గా ఉడకని మాంసం ద్వారా బయటపడింది, నెత్తుటి బేదులు, కిడ్నీల మీద దెబ్బ. 2011లో జర్మనీలో ఇంకో రకం మెంతి మొలకల ద్వారా వచ్చి యాభై మందికి పైగా చనిపోయారు, ఆ మెంతులు ఈజిప్టు నుంచి వచ్చినవని తేల్చారు. మెంతులు మానేయమని కాదు, మొలకలు వెచ్చగా, తడిగా ఉండే చోట పెరుగుతాయి, బ్యాక్టీరియాకి అంతకంటే ఏం కావాలి, పచ్చిగా తినేవాళ్ళు ఆలోచించుకోవాలి. ఆడవాళ్ళకి తరచూ వచ్చే మూత్రంలో మంట కూడా ఎక్కువసార్లు దీని పనే, పేగులో ఉన్నంతసేపు మంచిదే, చోటు మారితేనే తంటా. ఇక లెడర్‌బర్గ్ చూసిన ఆ ఇచ్చిపుచ్చుకోవడం ఉంది చూశారూ, మందులకి లొంగని జన్యువులు కూడా ఆ దారినే ఒకదాని నుంచి ఇంకోదానికి పోతాయి, జపాన్‌లో 1950ల చివర్లోనే గమనించారు. మెడికల్ షాపులో చీటీ లేకుండా రెండు యాంటిబయాటిక్ గోలీలు కొని, తగ్గగానే మూడోది మానేసే మన అలవాటు దానికి ఎంత సాయమో!

ఇప్పుడు నీళ్ళ సంగతి. ప్రతి ఏడూ వానలు పడగానే, హంద్రీలోకీ తుంగభద్రలోకీ ఎర్రనీళ్ళు రాగానే, మా పిల్లలతో నీళ్ళ పరీక్ష చేయిస్తాను. ఇంటి కొళాయి, బోరు, ట్యాంకరు, ఇరవై లీటర్ల క్యాను, ఎవరింటి నీళ్ళు వాళ్ళు తెస్తారు. బ్యాక్టీరియాకి తిండిగా వాడే ఊదారంగు మాక్‌కాంకీ రసం ఉన్న గొట్టంలో వేలెడంత చిన్న గాజు గొట్టాన్ని బోర్లించి, నీళ్ళు కలిపి రాత్రంతా ఉంచుతాం. పొద్దునకి రసం పసుపు రంగుకి తిరిగి, బోర్లించిన గొట్టం పైన గాలి బుడగ నిలిచిందంటే అనుమానం మొదలు. అందులోంచి తీగ లూపుతో కొంచెం తీసి, రంగులు కలిపిన తిండి పోసిన ఈఎంబీ అనే ప్లేటు మీద గీస్తాం. ఈకోలై అయితే మర్నాడు నల్లటి కాలనీల మీద ఆకుపచ్చ మెరుపు, చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టుకున్న జీరంగి రెక్క మీద ఉంటుందే, అచ్చం అదే. మొదటిసారి చూసిన పిల్లలు "భలే ఉంది మేడం" అంటారు, ఆ ప్లేటు ఎవరింటి నీళ్ళదో చదివాక నవ్వు ఆగిపోతుంది.

ఆ ఈకోలై వాళ్ళకి జబ్బు చేస్తుందని కాదు. టైఫాయిడ్, కామెర్లు తెచ్చేవి ఎప్పుడో ఒకసారి వస్తాయి, కొద్దిగా ఉంటాయి, వెతకడం కష్టం. ఈకోలై మాత్రం మనుషుల, పశువుల మలంలో ఎప్పుడూ ఉంటుంది, సులువుగా పెరుగుతుంది. అది దొరికిందంటే మలం నీళ్ళలో కలిసే దారి ఎక్కడో తెరిచి ఉందని అర్థం. అందుకే మన భారత ప్రమాణం తాగునీటిలో 100 మిల్లీలీటర్లకి ఒక్కటి కూడా ఉండకూడదంటుంది. ఆ దారి చాలాసార్లు మురికి కాలువ దాటుకుని వెళ్ళే పైపే. నీళ్ళు వదిలినప్పుడు లోపల ఒత్తిడి ఉంటుంది, కారిపోవడమే గానీ బయటిది లోపలికి రాదు. నీళ్ళు ఆపేశాక ఖాళీ పైపు చిల్లులో నుంచి చుట్టూ ఉన్నదాన్ని పీల్చుకుంటుంది. కాబట్టి రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళలో మొదటి బిందె పారబోయడం మా అత్త అలవాటు, దానికి సైన్సు మద్దతు ఉంది.

నా కోపమంతా టీడీఎస్ మీటర్ మీద. వాటర్ ప్లాంట్ అబ్బాయి క్యానులో మీటర్ ముంచి "చూడండి మేడం, నలభై, స్వచ్ఛం" అంటాడు. ఆ మీటర్ చెప్పేది నీళ్ళలో కరిగిన ఉప్పుల గురించి. మన బోర్లు ఉప్పగా ఉంటాయి నిజమే, అది తగ్గడం మంచిదే, కానీ బ్యాక్టీరియా ఎన్ని లక్షలున్నా ఆ అంకె కదలదు. ప్లాంటులో నీళ్ళు బాగానే ఉండి, క్యాను సరిగ్గా కడగకపోతే అంతే సంగతులు. ఇంకోమాట, ఈకోలై లేదని వచ్చినంత మాత్రాన నీళ్ళు పూర్తిగా క్షేమం అనీ కాదు, క్లోరిన్‌కి ఇది తొందరగా చస్తుంది, పేగుల జబ్బు తెచ్చే జియార్డియా లాంటి జీవులు అంత తొందరగా చావవు. పసిపిల్లలున్న ఇంట్లో కాచి చల్లార్చడమే మేలు, బాగా తెర్లితే చాలు, గంటలు గంటలు గ్యాసు కాల్చక్కర్లేదు.

మా ఇంటి నీళ్ళు కూడా చూడమని అడిగేవాళ్ళకి: సీసా కుక్కర్లో ఆవిరి పట్టించింది కావాలి, కూల్‌డ్రింక్ బాటిల్ కాదు. కొళాయి చివర అగ్గితో కాల్చి, ఒకటి రెండు నిమిషాలు నీళ్ళు వదిలేసి, అప్పుడు పట్టండి, మూత లోపల వేలు పెట్టకండి. పట్టిన ఆరు గంటల్లోపు చల్లగా తీసుకురండి. ఫలితం 24 గంటలకి ఒకసారి, 48 గంటలకి ఒకసారి చూడాలి కాబట్టి దయచేసి శుక్రవారం తేకండి, ఆదివారం ల్యాబ్ తాళం తీయడానికి నేనే రావాల్సి వస్తుంది.